సింహాల సంగతి సరే, బాత్రూం ఎక్కడ?

మా బావకు ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఏ గుమ్మంలో కాలు పెట్టినా, "బాగున్నారా?" అనే ముందు, "బాత్రూం ఎక్కడండీ?" అని అడుగుతాడు. నెమ్మదిగా అడిగితే నాకు బాధ లేదు. ఆయనది మైకు అక్కర్లేని గొంతు. వీధి ఈ చివర అడిగితే ఆ చివర ఇంట్లోవాళ్ళు, "లోపల, కుడిపక్క!" అని జవాబు చెప్తారు.

పెళ్ళికి వెళితే పెళ్ళికొడుకు తండ్రిని అడుగుతాడు. పరామర్శకు వెళితే ఏడుస్తున్నవాళ్ళను అడుగుతాడు. ఒకసారి సాక్ష్యం చెప్పడానికి బోనెక్కి, అంతా నిజమే చెప్తానని ప్రమాణం చేసిన మరుక్షణం జడ్జిగారిని అడిగాడు. "ఈ ప్రశ్నకూ కేసుకూ సంబంధం లేదు" అన్నారు జడ్జిగారు. "కేసుకు లేదండీ, కేసు కోసం వచ్చిన మనుషులకు ఉంది" అన్నాడు మా బావ. జడ్జిగారు విచారణ ఆపి బంట్రోతును పిలిచారు.

ఈ మనిషి నాకు సాక్షాత్తూ అక్క మొగుడు. నేనెవరినో చెప్తే గానీ నేను పడిన అవమానం మీకు అర్థం కాదు. రేకుల కప్పు కింద, పలక మీద అక్షరాలు దిద్దుకున్న పల్లెటూరి బడి నాది. వానొస్తే మాకు సెలవు, ఎండొస్తే మేస్టారికి సెలవు. ఆ బడిలోంచి రోడ్ల శాఖలో ఓవర్సియరైన మొదటివాణ్ణి నేనే, ఇప్పటిదాకా చివరివాణ్ణీ నేనే. కొండను తొలిచి దారి వేయించాను. ఏటి మీద వంతెన కట్టించాను. తర్వాత వచ్చిన వరదకు ఊళ్ళు కదిలాయి గానీ నా వంతెన కదల్లేదు. ఉద్యోగ విరమణ సభలో వేసిన దండల బరువుకు మెడ పట్టేసి, సన్మాన పత్రాన్ని పక్కకు తిరిగి చదువుకోవలసి వచ్చింది.

ఆ వంతెన ప్రారంభం రోజు సంగతి వినండి. పెద్ద ఇంజనీరుగారు రిబ్బను మీద కత్తెర పెట్టారు. జనమంతా ఊపిరి బిగబట్టారు. నా జీవితంలో అంత గొప్ప నిశ్శబ్దం మళ్ళీ వినలేదు. అందులోంచి మా బావ గొంతు లేచింది.

"అయ్యా, ఇక్కడ బాత్రూం ఎక్కడండీ?"

ఇంజనీరుగారు కంగారుపడి చేతిలో కత్తెరతోనే సైటు ఆఫీసు వైపు చూపించారు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళందరూ లేచి కత్తెర చూపించిన దిక్కుకు కదిలారు. ఏమైందోనని మగవాళ్ళు అటు తిరిగారు. సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫరు మీట నొక్కాడు. ఆ ఫోటో మా హాల్లో ఇప్పటికీ ఉంది. అందులో నా వంతెన ఉంది, ఇంజనీరుగారి కత్తెర ఉంది, మిగతావన్నీ వీపులు. కెమెరా వంక నిమ్మళంగా నవ్వుతూ నిలబడినవాడు ఒక్క మా బావే.

ఆయనకు బజారులో కళ్ళద్దాల దుకాణం ఉండేది. కొట్టు పేరు చిన్న అక్షరాల్లో, దాని కింద "లోపల బాత్రూం ఉంది, ఎవరైనా రావచ్చు" అని పెద్ద అక్షరాల్లో రాయించాడు.

"ఇది కళ్ళద్దాల కొట్టా, బస్టాండా బావా?" అన్నాను.

"చూపు ఆనని వాళ్ళు వచ్చే కొట్టు బావమరిదీ. అక్షరాలు పెద్దవి పెట్టకపోతే ఎలా?"

బజారుకు వచ్చిన ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా ఆ కొట్లోకి వెళ్ళడం నా కళ్ళారా చూశాను. మా ఊళ్ళో ఆడవాళ్ళ చూపు ఇంత దారుణంగా పాడవుతోందేమిటని బాధ్యత గల పౌరుడిగా మునిసిపాలిటీ ఆరోగ్యాధికారిని కలిసి హెచ్చరించాను కూడా.

ప్రయాణాలు మరీ ఘోరం. నేను కారు తీశానంటే గమ్యం చేరేదాకా బ్రేకు మీద కాలు పెట్టను. నా రోడ్ల మీద నేను ఆగడమేమిటి? మా బావ కారు మాత్రం కనపడిన ప్రతి పెట్రోలు బంకు దగ్గరా, ప్రతి టీ హోటలు దగ్గరా, ఆఖరికి తెలిసినవాళ్ళ ఇల్లు ఏదైనా దారిలో ఉంటే అక్కడా ఆగుతుంది. ఆగి, ఆయన ఆ ప్రశ్న అడుగుతాడు. విడ్డూరమేమిటంటే, కుటుంబమంతా ఎక్కడికైనా బయల్దేరితే ఆడవాళ్ళు ఆయన కారులో చోటు కోసం పోట్లాడుకునేవాళ్ళు. నా కారు సగం ఖాళీగా పోయేది. నా వేగానికి జడుసుకుంటున్నారని అనుకుని లోలోపల గర్వపడేవాణ్ణి.

అలాంటి మనిషిని తీసుకుని ఆఫ్రికా అడవులకు బయల్దేరవలసి వచ్చింది. దానికి కారణం మా అక్క.

మా బడి గోడకు జంతువుల పటం ఒకటి వేలాడుతూ ఉండేది. అందులో జిరాఫీని చూసి, "ఇంత మెడ ఉండదు, అచ్చేసినవాడు పొరపాటు చేశాడు" అని నేను అన్నాను. "ఉంటుంది, నేను చూసి వస్తాను" అని మా అక్క అంది. అప్పటికి మా అక్క పక్క ఊరు కూడా చూడలేదు. తర్వాత పెళ్ళి, పిల్ల, కొట్టు లెక్కలు, అద్దాల పెట్టెలు. జూకు తీసుకువెళతామంటే వద్దంది. కంచె వెనక నిలబడినదాన్ని చూడ్డం కాదు, తన దారిన తాను నడిచిపోతున్న జిరాఫీని చూడాలట. ఏదీ అడగని మనిషి అడిగింది అదొక్కటే. దుకాణం కూతురికి అప్పగించిన రోజున మా బావ, "ఇక వెళ్దాం. నువ్వూ, మీ ఆవిడా కూడా రండి" అన్నాడు. ఏర్పాట్ల బాధ్యత సహజంగానే నా మీద పడింది. వంతెనలు కట్టినవాడికి విమానం టిక్కెట్లొక లెక్కా?

మేం నలుగురం టూరు ఆఫీసుకు వెళ్ళాం. టై కట్టుకున్న మేనేజరు ఒక పెద్ద పార్కు మ్యాపు బల్ల మీద పరిచాడు. సింహాలు తిరిగే చోట ఎర్ర చుక్కలు, ఏనుగులకు నీలం చుక్కలు, జిరాఫీలకు పచ్చ చుక్కలు. మా అక్క కుర్చీ ముందుకు జరుపుకుని పచ్చ చుక్కల మీద వేలు పెట్టింది.

"ఇందులో బాత్రూం చుక్కలు ఏ రంగు?" అన్నాడు మా బావ.

మేనేజరు నవ్వాడు. "మీరు దిగే గుడారంలో ఉంటుంది సార్, వేడినీళ్ళతో సహా."

"గుడారంలో కాదు నాయనా, అడవి మధ్యలో."

"అడవి మధ్యలో ఎందుకుంటాయి సార్? పొద్దున్నే జీపు ఎక్కుతారు, మధ్యాహ్నం దాకా బండిలోనే. దిగడానికి వీల్లేదు. దిగితే సింహం."

"దిగితే సింహం ఏం చేస్తుంది?"

"తింటుంది సార్."

"అది తినే సంగతి సరే. మనం తాగిన నీళ్ళ సంగతి చెప్పు."

"అందరూ సర్దుకుంటారు సార్."

"అందరూ అంటే ఎవరు? నువ్వెళ్ళావా? మీ అమ్మగారిని తీసుకెళ్ళావా?"

మేనేజరు టై సర్దుకున్నాడు. మా బావ మ్యాపును తన వైపు తిప్పుకున్నాడు. "సింహాలు కదిలేవి. ఇవాళ ఇక్కడుంటే రేపు ఇంకోచోట. వాటికి చుక్కలు పెట్టారు. కదలకుండా ఒకచోట ఉండేది బాత్రూం. దానికి చుక్క లేదు. ఈ మ్యాపు వేసినవాడెవడయ్యా?"

మ్యాపుల విషయంలో నాకూ కొంత అనుభవం ఉంది గనక, ఆ మాటలో పాయింటు ఉందని తెలిసింది. కానీ ఒప్పుకునే సమయం కాదది. మేనేజరు నన్ను గుమ్మం దాకా తీసుకువెళ్ళి, "సార్, మీరు పెద్ద హోదాలో పనిచేసిన మనిషిలా ఉన్నారు" అన్నాడు. గ్రహింపు గల మనిషి. "జీపులో వేరేవాళ్ళు కూడా ఉంటారు. మాటిమాటికీ బండి ఆపమంటే ఊరుకోరు. ఆయన ఇలాగే అంటే మీ సీట్లు ఇంకొకరికి ఇచ్చేస్తాను. జిరాఫీలు బాగా కనపడే కాలానికి చాలా గిరాకీ ఉంది."

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. మా అక్క వంటింటి గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. మా బావ ఎవరివో పాత కళ్ళద్దాల కాడకు స్క్రూ బిగిస్తున్నాడు.

"బావా, ఒక్క మాట. నీ ప్రశ్న వల్ల అక్క ప్రయాణం ఆగిపోయేలా ఉంది."

"నా ప్రశ్న వల్ల ఆగదోయ్. జవాబు లేకపోతే ఆగుతుంది."

"చమత్కారాలు వద్దు. ఇన్నాళ్ళకి ఆవిడ ఒక్కటి అడిగింది. నీకు అంత అవస్థగా ఉంటే డాక్టరుకి చూపించుకో. అంతేగానీ ఊరందరి ముందూ ఈ గోలేంటి? రేపు ఆఫీసులో నువ్వు నోరు విప్పకూడదు. అక్క మీద ఒట్టెయ్."

మా బావ మా అక్క వంక చూశాడు. మా అక్క తలెత్తలేదు. ఒలిచిన బఠాణీలు తొక్కల్లోనూ, తొక్కలు గిన్నెలోనూ పడుతున్నాయి.

"వాడు చెప్పినట్టే చెయ్యండి" అంది నెమ్మదిగా. "ఎందుకు ఆ మాటలన్నీ."

"నువ్వు అదే అంటే అదే" అన్నాడు మా బావ. "రేపు నువ్వే నడిపించు, ఓవర్సియరుగారూ. నేను మూగవాణ్ణి."

మర్నాడు నిజంగానే మూగవాడయ్యాడు. మేనేజరుకు పూనకం వచ్చింది. తెల్లవారుతూనే బయల్దేరడం, బండిలోనే రొట్టె, కాఫీ, ఎండ నడినెత్తికి వచ్చేదాకా దిగకుండా తిరగడం, అన్నీ వర్ణించి వర్ణించి చెప్పాడు. మధ్యలో అందరికీ నీళ్ళ గ్లాసులు వచ్చాయి. నేను గటగటా తాగాను. మా అక్క గ్లాసును పక్కకు జరిపింది. మా ఆవిడ కూడా జరిపింది. నేను ప్రయాణం ఖాయం చేసి, వంతెన ప్రారంభించినంత సంతోషంగా లేచాను.

కారెక్కాక మా అక్క అంది, "ఒరేయ్ తమ్ముడూ, మీరు ముగ్గురూ వెళ్ళి రండి. నేను రానులే."

"అదేంటక్కా!"

"మోకాళ్ళురా. జీపు ఎక్కలేను."

రోజూ నిచ్చెన వేసుకుని అటక ఎక్కి దిగే మనిషి ఆవిడ. నాకు ఒళ్ళు మండింది. "బావా, ఇది నీ పనేనా? ఏం ఎక్కించావు అక్క తలకి?"

"నేను నోరు మూసుకునే ఉన్నాగా" అన్నాడాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ. "అచ్చం నువ్వు చెప్పినట్టే."

ఇంటికి వెళ్ళి మా ఆవిడ దగ్గర వాపోయాను. ఆవిడ నా చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. "ఆ మనిషి నోరు విప్పితే సీట్లు పోతాయి, మూస్తే అక్క రానంటుంది. నేనేం చెయ్యను? ఆయనకి ఆ రోగమేదో తగ్గితే తప్ప జిరాఫీ కనపడదు మా అక్కకి."

మా ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి నా వంక చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి మంచం మీద కూలబడింది.

"ఏమండీ, ఇన్నేళ్ళలో అన్నయ్యగారు అడిగాక తాను లోపలికి వెళ్ళడం మీరెప్పుడైనా చూశారా?"

చూడలేదు. గుర్తు చేసుకుంటే ఒక్కసారి కూడా చూడలేదు. అడుగుతాడు, ఎవరో దారి చూపిస్తారు, తర్వాత గోడ మీద క్యాలెండరు చదువుతూ నిలబడతాడు. కోర్టులోనూ అంతే. వంతెన ఫోటోలోనూ అంతే.

"మరి ఎందుకడుగుతాడు?"

"ఆయన అడిగాక ఎవరు వెళ్తారో చూడండి. వదిన వెళ్తుంది. వదిన వెనకాల నేను వెళ్తాను. నా వెనకాల అక్కడున్న ఆడవాళ్ళంతా వస్తారు. ప్రయాణమంటే మేం ముందు రోజే నీళ్ళు మానేస్తామండీ. గొంతెండినా తాగం. దారిలో ఎవర్ని అడుగుతాం? మిమ్మల్నా? బ్రేకు మీద కాలే పెట్టరు కదా."

నేను గంభీరంగా కుర్చీలో కూర్చున్నాను.

"పెళ్ళైన కొత్తలో బస్సులో వదిన కళ్ళు తిరిగి పడిపోయిందట, రోజంతా చుక్క నీళ్ళు ముట్టక. ఏమైందంటే చెప్పలేదు. ఆయనే కనిపెట్టారు. ఆ రోజు నుంచి ఎక్కడికెళ్ళినా ముందు ఆయనే అడిగేస్తారు. మగాడు అడిగితే నవ్వి ఊరుకుంటారు. మేం అడిగితే తలతిప్పి చూస్తారు. అందుకని ఆ నవ్వేదో తన మీదే వేసుకున్నారు. వదిన నాకు చెప్పింది. నేను మన ఆడవాళ్ళందరికీ చెప్పాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు మీటింగు పెడతారు." మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది. "అన్ని రోడ్లు వేయించారు కదా, వాటి పొడుగునా ఎక్కడైనా ఒక్క బాత్రూం కట్టించారా?"

"అది నా శాఖ కాదు" అన్నాను. వాస్తవం అదే. అయినా ఆ రాత్రి నా రోడ్లన్నిటినీ మనసులో ఒకసారి తిరిగి వచ్చాను.

పొద్దున్నే మా బావ దగ్గరకు వెళ్ళి, "ఒట్టు తీసేశాను, పద" అన్నాను.

"ఎందుకు తీశావు?"

"ఒట్టు వేయించినవాడికి తీసే అధికారం ఉంటుంది. పద."

టూరు ఆఫీసు నిండుగా ఉంది. మా బావ అలవాటుగా గొంతు సవరించుకున్నాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపి, సభల్లో అలవాటైన నా సొంత గొంతు తీశాను.

"మేనేజరుగారూ! నేను కొండను తొలిచి రోడ్డు వేసినవాణ్ణి. వరదకు కదలని వంతెన కట్టినవాణ్ణి. నేను అడుగుతున్నాను. ఆ అడవిలో బాత్రూం ఎక్కడ?"

మేనేజరు నోరు తెరిచాడు. మా బావ నన్ను చూసిన చూపు ఎలా ఉందంటే, నాకు కొత్తగా కళ్ళజోడు పెట్టి ఎలా ఉన్నానో చూస్తున్నట్టుంది.

పక్క బల్ల దగ్గర భర్తతో కూర్చున్న ఒక ముసలావిడ, "అదే బాబూ, నేనూ అడుగుదామనుకుంటున్నా" అంది. ఆవిడ భర్త, "నాకు చెప్పలేదేం?" అని ఉలిక్కిపడ్డాడు. టైపు చేసుకుంటున్న గుమాస్తా అమ్మాయి తల వంచుకునే, "పోయిన టూరు నుంచి వచ్చిన ఆడవాళ్ళందరూ నాకు అదే చెప్పారు సార్" అంది. మేనేజరు ఆ అమ్మాయి వంక తిరిగి, "నాకు చెప్పలేదేం?" అన్నాడు. ఆ పూట ఆ ఆఫీసులో మగవాళ్ళందరిదీ అదే ప్రశ్న.

అక్కడికక్కడే పార్కుకు ఫోను చేయించాం. తీరా చూస్తే అన్నీ ఉన్నాయి! దారిలో ఆగే చోట్లున్నాయి. అక్కడ బాత్రూములున్నాయి. అడిగితే డ్రైవరు ముందు చుట్టూ చూసి వచ్చి బండి ఆపుతాడు. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత తిరిగే చిన్న ప్రయాణాలూ ఉన్నాయి.

"మరి చెప్పలేదేం నాయనా?" అన్నాడు మా బావ.

"ఎవరూ అడగలేదు సార్" అన్నాడు మేనేజరు. మ్యాపు తీసి, మా బావ చెప్పినట్టల్లా నారింజ రంగు చుక్కలు పెట్టాడు.

మ్యాపు పట్టుకెళ్ళి మా అక్క ముందు పెట్టాను. ఏమీ తెలియనట్టు, "పచ్చ చుక్కలు జిరాఫీలు. నారింజ చుక్కలు బండి ఆగే చోట్లు. మోకాళ్ళెలా ఉన్నాయక్కా?" అన్నాను. ఆవిడ రెండు రంగుల చుక్కలనూ చాలాసేపు చూసింది. "ఇవాళ కాస్త తగ్గాయిరా" అంది.

అలా వెళ్ళాం. జీపులో మేం నలుగురం, ఆఫీసులో కలిసిన ముసలి దంపతులు, ముందు సీట్లో గైడు. బండి కదలకముందే మా బావ ఆయన్ని అడిగేశాడు. ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు సింహం గురించే అడుగుతారని చెప్పి గైడు పడీ పడీ నవ్వాడు. మా అక్క సీసా ఎత్తి, జీపు కుదుపులకు మీద ఒలుకుతున్నా, కడుపునిండా నీళ్ళు తాగింది. నడుస్తున్న బండిలో ఆవిడ నీళ్ళు తాగగా నేను చూడ్డం అదే మొదలు.

సింహాలు కనపడ్డాయి. ఏనుగులు కనపడ్డాయి. జిరాఫీ మాత్రం తోక కూడా కనపడలేదు. పచ్చ చుక్కలన్నీ తిరిగాం. నేను బైనాక్యులర్స్‌తో నాలుగు దిక్కులూ సర్వే చేశాను. మా అక్క సీటు అంచుకు వచ్చి కూర్చుంది.

నారింజ చుక్క దగ్గర బండి ఆగింది. తడికెల గోడలు, పైకప్పు లేదు, ఆకాశమే కప్పు. గైడు చుట్టూ చూసి వచ్చాడు. మా అక్క లోపలికి వెళ్ళింది. మా బావ యథాప్రకారం అటు వీపు పెట్టి, క్యాలెండరు లేదు గనక ఒక చెట్టును చదువుతూ నిలబడ్డాడు.

హఠాత్తుగా గైడు నోటి మీద వేలు పెట్టుకున్నాడు. తుమ్మచెట్ల వెనకనుంచి, ఏ తొందరా లేకుండా, మా బడి పటంలో కంటే పొడుగు మెడతో ఒక జిరాఫీ నడిచి వచ్చి, సరిగ్గా ఆ తడికెల పక్కన ఆగింది. మెడ చాపి, గోడ మీదుగా లోపలికి తొంగి చూసింది.

లోపలనుంచి కేక వినపడుతుందని మేమంతా చెవులు మూసుకోబోయాం. కేక రాలేదు. కాసేపటికి నవ్వు వినపడింది, చిన్నపిల్ల నవ్వినట్టు.

జిరాఫీ వెళ్ళిపోయాక మా అక్క కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చింది. కళ్ళు మెరిసిపోతున్నాయి. "ఎంతెంత కనురెప్పలండీ దానికి!" అంది.

"నిన్ను చూసిందా?" అన్నాడు మా బావ, కంగారుగా.

"చూసింది. చూసి, మర్యాదగా తల అటు తిప్పుకుని, నా పనయ్యేదాకా నిలబడింది" అంది మా అక్క. "అచ్చం మీలాగే."